అగ్నిమాపకభటుల మనోవ్యథ

1944వ సంవత్సరము ఏప్రిల్ 14వ తేదీన బొంబాయి రేవులో, ప్రత్తిని మందుగుండును కలిపి మోయుచున్న ఫోర్ట్ స్టికీన్ అను ఓడ అంటుకొని ప్రేలిపోయెను. దాని నార్పబోయి 66 మంది అగ్నిమాపకభటులు మరణించిరి. ఆ దినమునే మన దేశమున ఏటేట అగ్నిమాపక సేవా దినముగా జరుపుచున్నారు. మృతులను స్మరించుట యుక్తమే. అయితే ఇట్టి ప్రమాదములనుండి బ్రదికి ఇల్లు చేరిన భటుల మాట యేమి? వారు చూచినదియు వారితోడనే యింటికి వచ్చును గదా.

దేహమునకు గాయము లేకున్నను మనస్సు ఆ మంటల యొద్దనే నిలిచిపోవచ్చును. నిద్ర పట్టదు, పట్టినను ఉలికిపడి లేచును. వంటింట మాడువాసన తగిలినంతనే ఆ దృశ్యము కన్నులకు కట్టును. కారణము లేకయే పిల్లలపై కసరుకొనును. కొందఱు త్రాగుడు మరుగుదురు. మొదటి కొన్ని వారములలో ఇట్టివి కనబడుట వ్యాధి కాదు. పెక్కుమందికి క్రమముగా తగ్గును. నెల దాటియు తగ్గక, పనికిని కాపురమునకును అడ్డు వచ్చినచో వైద్యుని చూడవలయును. దీనికి పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్ అను పేరు 1980లో అమెరికా మనోవైద్యుల గ్రంథమున చేరెను.

పూర్వము తానును అగ్నిమాపకదళమున పనిచేసిన జెఫ్రీ మిచెల్ అను అమెరికా దేశీయుడు 1983లో ఒక పద్ధతిని ప్రకటించెను. ప్రమాదమైన కొలది దినములలోనే భటుల నొకచోట కూర్చుండబెట్టి, ఒక్కొక్కరిచేత జరిగినదెల్ల చెప్పించుట దాని సారము. దుఃఖము చెప్పుకొన్న తగ్గునని మన పెద్దలును అందురు. కావున ఇది మంచిదిగానే తోచును. కాని చెప్పుకొనుట వేఱు, చెప్పించుట వేఱు. 1997లో బ్రిటనున ప్రకటింపబడిన యొక పరిశోధనలో, కాలిన గాయములు తగిలినవారిచేత ఒక్క పర్యాయము ఇట్లు చెప్పించి చూచిరి. 13 నెలలైన పిదప, చెప్పింపబడనివారికంటె వీరిలోనే ఈ వ్యాధి హెచ్చుగా కనబడెను.

2001 సెప్టెంబరు 11న న్యూయార్కులో 343 మంది అగ్నిమాపకదళమువారు మరణించినప్పుడు, మిగిలినవారిని ఆస్పత్రికి రమ్మని యూరకుండలేదు. సలహాదారులే అగ్నిమాపక కేంద్రములకు పోయిరి. పని విరమించిన పాతభటులును ఇందు తోడుపడిరి. మంటలోనికి దిగినవాని మాట మంటలోనికి దిగినవాడే త్వరగా గ్రహించునని నా యభిప్రాయము.

ఇంటివారు చేయదగినది కొంత కలదు. వేళకు అన్నము పెట్టుట, నిద్రకు చోటిచ్చుట, ప్రశ్నలతో వేధింపక దగ్గఱనుండుట, చెప్పదలచినప్పుడు వినుట. వ్యాధి ముదిరినచో శిక్షితుడైన వైద్యుడు ఆ జ్ఞాపకమును కొంచెము కొంచెముగా రోగిచేత ఎదుర్కొనజేయును. అది ఒక్క పూటలో ముగియునది కాదు. వారము వారము పోయి రావలసియుండును.