శాస్త్ర పరిశోధన కేంద్రములందు పత్రరక్షకుడు: ప్రారంభకుని తొలి విధులు

గ్రంథాలయము అచ్చుపడిన దానిని భద్రపఱచును. పత్రభాండాగారము అచ్చునకు ముందున్న దానిని భద్రపఱచును. శాస్త్ర పరిశోధన కేంద్రమున ఈ రెండవ రాశి మిక్కిలి పెద్దది. ప్రయోగ పుస్తకములు, పొలమున వ్రాసికొన్న క్షేత్ర పుస్తకములు, వర్షపాత పట్టికలు, ఉత్తర ప్రత్యుత్తరములు, పరికరముల కొనుగోలు కాగితములు, ఛాయాచిత్రములు అన్నియు ఇందు చేరును. వీనిని కూర్చి కాపాడు ఉద్యోగిని ఈ వ్యాసమున పత్రరక్షకుడని వ్యవహరింతము. తెలుగు, చరిత్ర శాఖలలో పట్టము పొందినవారు ఈ వృత్తిని ఎట్లు ఆరంభింపవలెనో శ్రీకాకుళ, విజయనగర మండలములను దృష్టియందుంచుకొని వివరించుట దీని ఉద్దేశము.

ఈ ప్రాంతమునకు ఈ విద్య క్రొత్తది కాదు. గురజాడ అప్పారావుగారు ఆనంద గజపతి మహారాజు కాలమున విజయనగర సంస్థానమున శాసన పరిశోధకులుగా పనిచేసిరి. 1897 నాటి కన్యాశుల్కము తొలికూర్పు పీఠికలో వారు పేర్కొన్న ఒక లెక్క ప్రసిద్ధము. మహారాజు విశాఖపట్టణ మండలమునందలి శుల్క వివాహముల పట్టికను సిద్ధపఱపింపగా మూడేండ్లకు 1,034 వివాహములు తేలినవి. సామాన్య పాఠకుడు ఎఱిగినది ఆ సంఖ్య. పరిశోధకుడు కోరునది ఆ పట్టిక. ఏ గ్రామము, ఏ వయస్సు, ఎవరు సేకరించిరి, ఏది విడిచిరి అను ప్రశ్నలకు సంఖ్య బదులు చెప్పజాలదు.

శాస్త్ర విషయమునను ఇదియే న్యాయము. గోడే వెంకట జగ్గారావుగారు మద్రాసు వేధశాలలో టేలరు వద్ద ఖగోళవిద్య నభ్యసించి, 1840లో విశాఖపట్టణమున సొంత వేధశాలను స్థాపించిరి. 1856లో వారు గతింపగా అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు దానిని నడపిరి. 1874 డిసెంబరు 9 నాటి శుక్రగ్రహ సంక్రమణమును పరిశీలించినవారిలో వీరొకరు. వీరి పరిశీలనలు లండను రాయల్ ఖగోళ సంఘ పత్రికకెక్కినవి. 1892లో వీరు మరణించిరి. పిదప ఆ వేధశాల చిరకాలము నిలువలేదు. మద్రాసు వేధశాల దస్త్రములు మాత్రము బెంగుళూరునందలి భారతీయ ఖగోళ భౌతికశాస్త్ర సంస్థ భాండాగారమున నేడును చదువరులకు లభించుచున్నవి. ఒక సంస్థకు ఉత్తరాధికారి యుండెను, రెండవదానికి లేకపోయెను. అచ్చుకెక్కినది ఎక్కడనో నిలుచును. తక్కినది పూనుకొని దాచువాడున్నగాని నిలువదు.

ఇప్పుడు మన మండలముల పరిశోధన కేంద్రములను చూతము. విజయనగరమున చిరుధాన్యములకు, రాగోలున వరికి, ఆమదాలవలసలో గోగునారకు ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయపు పరిశోధన స్థానములు కలవు. 'చంపావతి' అను చోడి వంగడమునకు వి.ఆర్. 708 అనియు, 'శ్రీకాకుళం సన్నాలు' అను వరికి ఆర్.జి.ఎల్. 2537 అనియు సంకేతములు. మొదటి అక్షరములు పుట్టిన స్థానమును తెలుపును. అంకె పరిశోధకుల వరుసలో ఆ వంగడము స్థానమును సూచించును. రైతు పేరునెఱుగును. కాని తల్లిదండ్రులుగా ఏ రకములను గైకొనిరి, తోడి వరుసలను ఏల త్రోసివేసిరి, ఏ యేట తెగులు సోకెను అను సంగతులు క్షేత్ర పుస్తకములందే యుండును. త్రోసివేసిన వరుస మరియొక కఱవు కాలమున పనికి రావచ్చును. దాని చరిత్ర చెదలపాలైనచో ఆ శ్రమ మరల మొదటినుండి చేయవలసి వచ్చును.

ప్రారంభకుడు మొదట చేయవలసినది సర్దుట కాదు, చూచుట. కాగితములు ఏ గదిలో, ఏ బీరువాలో, ఏ క్రమమున నున్నవో వ్రాసికొనక కదల్పరాదు. ఒకరి పత్రములను మఱియొకరి పత్రములతో కలుపరాదనియు, సృష్టించినవారి క్రమమును చెదరగొట్టరాదనియు రెండు సూత్రములు కలవు. మొదటిది 1841 నాటి ఫ్రెంచి ప్రభుత్వపుటుత్తరువున నిర్దేశింపబడినది. 1898లో ముగ్గురు డచ్చి పండితులు రచించిన గ్రంథము ఈ రెంటిని శాస్త్రముగా నిలిపినది. విషయమునుబట్టి విడదీసి అందముగా అమర్చుట గ్రంథాలయాభ్యాసము. ఇక్కడ అది సాక్ష్యమును చెఱచును. ఇనుప గుండుసూదులు తుప్పుపట్టి కాగితమును తినును గావున మెల్లగా తీయవలెను. గుర్తులు పెన్సిలుతోనే వ్రాయవలెను. సముద్రపు తేమ గల ఈ తీరమున గాలి యాడుట, గోడకు ఎడముగా బీరువాలనుంచుట ప్రాథమిక రక్షణములు.

ఇక పట్టిక తయారుచేయుట. ఇచ్చట తెలుగు విద్యార్థికి విశేషాధికారము కలదు. శ్రీకాకుళము 'చికాకోలు' పేర 1936 వరకు గంజాము మండలమునను, ఆపై విశాఖపట్టణ మండలమునను ఉండి 1950లో ప్రత్యేక మండలమైనది. విజయనగర మండలము 1979లో ఏర్పడినది. పార్వతీపురము 2022లో మన్యం మండలమునకు కేంద్రమైనది. పాత కాగితమును నేటి మండలముల పేరుతో మాత్రమే వెదకువాడు దానిని కనుగొనలేడు. పంటల పేర్లును అట్టివే. ఇక్కడి చోళ్ళు వేఱొకచోట రాగులు, తెలంగాణమున తైదలు. ఇక్కడి గంటెలు ఇతరులకు సజ్జలు. దిగుబడిని కుంచములు, పుట్లలో వ్రాసిన పుట యెదురైనప్పుడు ఆ కొలత ఆ యూర ఎంతయో తెలియవలెను. ఈ పర్యాయపదములను సూచికలో కలుపుట మాండలిక పరిజ్ఞానము గలవారి పని. శాస్త్రజ్ఞునకు దానికి తీరిక యుండదు.

శిక్షణకై ఢిల్లీ జాతీయ అభిలేఖాగారమునకు చెందిన విద్యాలయమున ఒక సంవత్సరపు డిప్లొమా పాఠ్యక్రమము కలదు. బెంగుళూరు జాతీయ జీవశాస్త్ర కేంద్రమున 2019లో తెఱచిన భాండాగారము సమకాలిక శాస్త్ర చరిత్రకు మంచి మాదిరి. చట్టమునకు వచ్చినచో, 1993 నాటి ప్రజా దస్త్రముల చట్టము కేంద్ర ప్రభుత్వమునకు, దాని అధీన సంస్థలకు వర్తించును. నియమవిరుద్ధముగా దస్త్రమును నాశము చేసిన ఐదేండ్ల వరకు కారాగార శిక్ష కలదు. రాష్ట్ర విశ్వవిద్యాలయముల క్షేత్ర పుస్తకములను ఆ చట్టము స్పృశింపదు. కావున ఇచ్చట మనుష్యుని జాగరూకతయే ముఖ్యాధారము.

తెలుగు శాఖలు తాళపత్రములను వెదకి తెచ్చి పరిష్కరించి ప్రకటించినవి. అదే శ్రద్ధను పరిశోధన స్థానముల బీరువాలకును విస్తరింపవచ్చును. ఒక వేసవి సెలవులలో ఇద్దరు విద్యార్థులు ఒక కేంద్రపు అధికారి అనుమతితో పుస్తకముల జాబితా మాత్రము వ్రాసినను అది ఆరంభమగును. ఉద్యోగము పిదప రావచ్చును. జాబితా ముందు కావలెను.