గోడ ఎక్కే నీళ్ళు

2024 అక్టోబరు మొదటి వారంలో మా నాయన శనగ విత్తనాల బస్తా విప్పి, లోపలికి చెయ్యి పెట్టి, ఏమీ మాట్లాడకుండా బయటికి తీశాడు. వేళ్ళకు బూజు. అలాంటివి అయిదు బస్తాలు, రెండున్నర క్వింటాళ్ళు. ఎనిమిది ఎకరాల నల్లరేగడికి ఫిబ్రవరి నుంచి దాచుకున్న విత్తనం అది. నేను 100 గింజలు లెక్కపెట్టి తడిగుడ్డలో మూట కట్టాను. అయిదో రోజుకు మొలిచినవి 38. ధ్రువీకరించిన శనగ విత్తనమైతే 85 మొలవాలి.

మిద్దె కారలేదు. మాది నంద్యాల వైపు పాతకాలపు మట్టిమిద్దె. పైన పరిచిన చౌడుమట్టి ముసురుకు కూడా చుక్క దిగనివ్వదు. (చౌడులోని సోడియం బంకమట్టి రేణువులను విడదీసి, సందులన్నీ పూడ్చేస్తుంది. పొలంలో మనల్ని ఏడిపించే గుణమే మిద్దె మీద మేలు చేస్తుంది.) మరి నీళ్ళు ఎక్కడివి? కాలేజీ సావనీరుకు ఏదైనా సైన్సు వ్యాసం వ్రాయమని మిత్రులు అడిగితే, నక్షత్రాల గురించి కాకుండా మా పడమటి కొట్టు గోడ గురించి వ్రాస్తున్నాను.

ఫిజిక్సు లాబులో మనమందరం సన్నటి గాజుగొట్టాన్ని నీళ్ళలో నిలబెట్టి చూసినవాళ్ళమే. తలతన్యత వల్ల నీరు తనంత తానే పైకి ఎక్కుతుంది. రంధ్రం వ్యాసార్ధం 1 మిల్లీమీటరయితే ఎక్కేది ఒకటిన్నర సెంటీమీటర్లు. 0.1 మిల్లీమీటరయితే 15 సెంటీమీటర్లు. 0.01 అయితే ఒకటిన్నర మీటరు, అంటే దాదాపు 5 అడుగులు! రికార్డులో ఈ లెక్క వేసి సంతకం చేయించుకున్నప్పుడు నాకేమీ అనిపించలేదు. సెలవులకు ఇంటికి పోయి గోడ చూశాక అనిపించింది. మట్టిలో, ఇటుకలో, రాళ్ళ మధ్య అడుసులో ఉన్నవన్నీ అలాంటి వెంట్రుకల కన్నా సన్నని గొట్టాలే. కింద నేల తడిగా ఉన్నంతకాలం గోడ నీళ్ళు తాగుతూనే ఉంటుంది. ఎక్కిన నీరు గోడ ముఖం మీద ఆరిపోతుంది. ఎక్కేది, ఆరేది సమానమైన చోట చెమ్మ గీత నిలుస్తుంది. నీటితో వచ్చిన ఉప్పు మాత్రం ఆరదు గదా, అక్కడే తెల్లగా పొంగి పూతను రాలుస్తుంది. పశువులను కట్టిన కొట్టాల్లో ఇది మరీ ఎక్కువ. వాటి మూత్రం నుంచి నైట్రేట్లు నేలలో చేరతాయి. మన పెద్దలు సూరేకారం తీసింది అలాంటి మట్టి నుంచే.

ఇక్కడ నేను చేసిన తెలివితక్కువ పని ఒకటి చెప్పాలి. ఆగస్టులో కొట్టులో బండలు చెమర్చడం చూసి, గాలి ఆడితే ఆరిపోతుందని కిటికీ, తలుపు తెరిచి పెట్టమన్నాను. ఇంకా తడిసింది. ముసురు రోజున గాలి 30 డిగ్రీలు, తేమ 85 శాతం అనుకుంటే, ఆ గాలి 27 డిగ్రీలకు చల్లబడగానే నీరు దిగుతుంది. నేలను అంటుకున్న నాపబండ అంతకన్నా చల్లగానే ఉంటుంది. అంటే ఆరబెట్టే గాలి అనుకుని తడి గాలినే పిలిచి లోపల కూర్చోబెట్టాను. అలాంటి రోజుల్లో తలుపులు మూసి, ఎండ కాసిన మధ్యాహ్నం తెరవాలి.

తడి కింద నుంచి వచ్చిందా, గాలి నుంచి వచ్చిందా అని తేల్చుకోవడానికి పైసా ఖర్చు లేని పరీక్ష ఉంది. ఎరువు సంచి లోపలి ప్లాస్టిక్ కాగితం ఒక గజం ముక్క కోసి, అంచులు అంటించి, బండల మీద ఒక రోజు వదిలేయండి. కాగితం పైన తడి ఉంటే గాలిది. కింద ఉంటే నేలది. మా కొట్టులో రెండు వైపులా ఉంది!

అసలు దోషి బయట దొరికింది. 2009లో మా వీధికి సిమెంటు రోడ్డు వేశారు. 2018లో పాత రోడ్డు తవ్వకుండా దాని మీదనే ఇంకొకటి పరిచారు. వేసినవారి పేరు ఇక్కడ ఎందుకు గాని, ఒకప్పుడు మూడు మెట్లెక్కి వచ్చే మా ఇంట్లోకి ఇప్పుడు అడుగున్నర దిగి రావాలి. ఇల్లు కదలలేదు, వీధి లేచింది. అరుగు మట్టిలో కలిసింది. వాననీరు, కాలువ నీరు మా పడమటి గోడకు ఆనుకుని నిలబడుతున్నాయి. మేము కట్టుకోకుండానే మాకు నేలమాళిగ వచ్చిందన్నమాట.

దీని మీద 2021లో చేసిన మరమ్మతు ఒకటి. చెమ్మ అడుగున్నర ఎత్తులో ఉండగానే నాయన అప్పు చేసి, లోపల నాలుగడుగుల దాకా సిమెంటు పూయించి ఎనామిల్ రంగు వేయించాడు. చూడడానికి అద్దంలా ఉండేది. నీరు ఆరే దారి మూసుకుపోయింది గాని ఎక్కే దారి మూసుకోలేదు. రెండు వానాకాలాలు తిరిగేసరికి పూత దాటి నాలుగున్నర అడుగుల దగ్గర తేలింది. పాత సున్నపు పూత ఉన్న తూర్పు గోడ మాత్రం తడుస్తూ ఆరుతూ నిలబడింది. సిమెంటు చెడ్డదని కాదు; తడి గోడకు లోపలి వైపు పూయడం చెడ్డది. కొత్త ఇల్లు కట్టేవారయితే పునాది మీద, గోడ మొదలయ్యే చోట నీరెక్కని పొర వేయించాలి. ఆ ఖర్చులో పొదుపు చేయరాదు.

మేము చేసింది ఇది. 2025 వేసవిలో పడమటి గోడ పొడవునా బయట కాలువ తవ్వి, పెరటి పల్లం వైపు గజానికి అంగుళం వాలు పెట్టి, లావు కంకర నింపాం. పునాది అడుగు కన్నా లోతుకు పోలేదు, పోతే గోడే జారుతుంది. కంకర సందులు పెద్దవి కాబట్టి నీరు కిందికి జారుతుందే గాని పైకి ఎక్కదు. వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిచ్చే నల్లమన్ను గోడను నెట్టకుండా కూడా కాస్త ఎడం దొరికింది. నీళ్ళు మా పెరట్లోకే పోతున్నా పక్కింటాయన రెండు రోజులు పోట్లాడాడు. తర్వాత తనూ తవ్వించుకున్నాడు. లోపల సిమెంటు పూత చెక్కేసి సున్నం పూశాం. బస్తాల కింద రాళ్ళ దిమ్మెలు, వాటి మీద చెక్కలు. గోడకు జానెడు ఎడం. "మా కాలంలో గుమ్మి కింద పిల్లి దూరేంత సందు ఉండేది నాయనా" అనింది మా అవ్వ. ముందే చెప్పి ఉండవచ్చు గదా అంటే, "నన్నెవరు అడిగినారు?" అనింది.

కొట్టు మూలలో బండ కుంగిన చోట లేపి చూస్తే పాత జొన్న పాతర. సగం పూడ్చి వదిలేశారు. అందులో చెత్త మురుగుతూ ఉంది. మా తమ్ముడు దిగబోతే అవ్వ కేకపెట్టి ఆపింది. మురిగే చెత్తగాని, తడిసిన గింజగాని ఆక్సిజన్ తిని కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. అది గాలి కన్నా ఒకటిన్నర రెట్లు బరువు కాబట్టి గుంతలోనే నిలుస్తుంది. పాతర తెరిచిన వెంటనే దిగి ప్రాణాలు పోయినవారు, వారిని తీయబోయి పోయినవారు పల్లెల్లో ఉన్నారు. లాంతరు దించి చూడడం పాత అలవాటు. దీపం ఆరితే దిగరాదు, నిజమే. ఆరకపోతే దిగవచ్చని మాత్రం అర్థం కాదు. మనిషిని పడేసేంత కార్బన్ డయాక్సైడ్‌లో కూడా దీపం వెలగగలదు. మేమెవరమూ దిగలేదు. పైనుంచే మొరం పోసి దిమ్మిస కొట్టి, ప్లాస్టిక్ కాగితం పరిచి బండ వేశాం.

గోడ మీద పెన్సిలుతో నెలకొక గీత గీస్తున్నాను. 2025 సెప్టెంబరు గీత రెండడుగుల మూడంగుళాల దగ్గర ఉంది. ఆ ఏడు విత్తనం మా మేనమామ ఇంట్లో పెట్టి, ఒక్క బస్తా మాత్రం పరీక్షకు మా కొట్టులో ఉంచాం. అక్టోబరులో 100కి 81 మొలిచాయి. నాయన రెండుసార్లు లెక్కపెట్టించి, ఎకరాకు రెండు కిలోలు ఎక్కువ వేసి ఆ బస్తా కూడా చల్లేశాడు.