దేవరకొండ ఆంధ్రమహాసభ (1931): అనుమతి పరిధిలో ప్రతిఘటన

దేవరకొండ అనగానే పరిశోధకులకు రేచర్ల పద్మనాయకుల దుర్గమే స్ఫురిస్తుంది. 1931లో బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతన ఇక్కడ జరిగిన రెండవ నిజాంరాష్ట్ర ఆంధ్రమహాసభకు అంతటి ఆదరణ దక్కలేదు. ‘మితవాదుల సభ’ అన్న ముద్ర ఇందుకు ఒక కారణం. ఆ ముద్ర ఎంతవరకు సమంజసమో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1921 నవంబరులో హైదరాబాదులో జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో ప్రసంగించబోగా కొందరు సభికులు గేలిచేశారు. ఆ అవమానం నుండి ఆంధ్రజనసంఘం పుట్టింది. గ్రంథాలయాలు, పాఠశాలలు, శాసన పరిశోధన, వెట్టిచాకిరిపై కరపత్రాలు దాని తొలి కార్యక్రమాలు. ప్రజాప్రాతినిధ్యం నామమాత్రమైన రాజ్యంలో ఇవి సాంస్కృతిక సేవ మాత్రమే కావు. స్వపరిపాలనకు అభ్యాసం కూడా.

గస్తీ నిషాన్ 53 ప్రకారం ముందస్తు అనుమతి లేనిదే సభ జరపరాదు. జోగిపేట (1930), దేవరకొండ (1931) సభల తరువాత మూడవది 1934లో గాని ఖమ్మంలో జరగలేదు. అనుమతి కోరడాన్ని విధేయతగా మాత్రమే చదవడం సరికాదని నా అభిప్రాయం. అడిగిన ప్రతిసారీ, నిరాకరించే అపకీర్తిని పాలకుడే మోయవలసి వస్తుంది.

పాలస్తీనాలో ప్రధాని సలాం ఫయ్యాద్ 2009లో, రెండేళ్లలో రాజ్యసంస్థలను సిద్ధం చేసే ప్రణాళిక ప్రకటించారు. అప్పటికే బిల్‌ఇన్ గ్రామస్థులు 2005 నుండి వారం వారం విభజన కంచెకు ఎదురునిలుస్తున్నారు. 2007లో ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు కంచె మార్గాన్ని మార్చమంది. అది అమలైంది 2011లో. అక్కడిది సైనిక ఆక్రమణ, ఇక్కడిది సంస్థానాధీశుని పాలన. కనుక పోలికను సాగదీయరాదు. అయినా సార్వభౌమాధికారం లేనివారు కట్టుకున్న సంస్థలు ఎంతదూరం పోగలవన్న ప్రశ్న రెండింటికీ ఉమ్మడిదే.

మహాసభ అసలు లోపం అనుమతి కోరడం కాదు. వెట్టిని గురించి చదువుకున్నవారు రాశారు. వెట్టి చేసేవారు చాలాకాలం సభ్యులు కాలేదు. 1944 భువనగిరి సభలో రావి నారాయణరెడ్డి నాయకత్వాన సభ్యత్వ రుసుము నాలుగణాల నుండి అణాకు తగ్గింది, మితవాదులు విడిపోయారు. పల్లెలు ‘సంఘం’ అని పిలుచుకొని సాయుధ పోరాటానికి నడిపించినది ఈ మహాసభనే. అయితే, ఆ చట్రం కట్టినది అంతకుముందు తరమేనన్న మాట సాయుధ పోరాట చరిత్రలలో అరుదుగా వినిపిస్తుంది. 1952 ఎన్నికల తరువాత బూర్గుల హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యారు. రావి నారాయణరెడ్డి నల్లగొండ నుండి లోక్‌సభకు వెళ్లారు.