విదేశవాసమున చవుక ప్రింటరు

ఉన్నతవిద్యకై మన తెలుగు జిల్లాలనుండి అమెరికా సంయుక్తరాష్ట్రములకు పోవు యువకులును యువతులును ఏటేట పెక్కండ్రు కలరు. అచటి ఎమ్.ఎస్. చదువు సాధారణముగా రెండేండ్లది. అట్లు పోవువారిలో అనేకులు బ్యాంకు ఋణముతోడనో, తల్లిదండ్రులు కూడబెట్టిన సొమ్ముతోడనో పోవుదురు. చదువు జీతము, అద్దె, భోజనము మున్నగువాని లెక్క ముందుగనే వేసికొందురు గాని, చిల్లర వస్తువుల లెక్క వేయువారు తక్కువ. అట్టి వస్తువులలో ప్రింటరొకటి. అద్దె ఒడంబడిక, వీసా పత్రములు, సంతకము చేసి పంపవలసిన బ్యాంకు కాగితములు, చదువుకొనవలసిన వ్యాసములు మొదలగువానిని అచ్చొత్తుకొను నవసరము తొలి దినములలోనే కలుగును. అంగడిలో అల్పమూల్యమునకు ప్రింటరు కానవచ్చును. దానిని కొనవచ్చునా? కొన్నచో నెట్టిది కొనవలెను? తిరిగి వచ్చునపుడు దాని నేమి చేయవలెను? ఈ మూడు ప్రశ్నలను గూర్చి యిచట విచారింతము.

మొదట యంత్రముల తీరు తెలిసికొనవలెను. ఇండ్లలో వాడు ప్రింటర్లు ముఖ్యముగా రెండు విధములు. మొదటిది ఇంక్‌జెట్. దీనియందు వెండ్రుకకంటెను సన్నమైన రంధ్రములనుండి సిరా బిందువులు కాగితముపై చిమ్మబడును. రెండవది లేజరు. దీనియందు సిరా లేదు. టోనరను పొడి కలదు. విద్యుదావేశము గల డోలుపై వెలుగుతో అక్షరముల రూపు నేర్పఱచగా, ఆ పొడి యచట నంటుకొని, పిమ్మట కాగితముపైకి దిగి, వేడి రోలరు క్రింద కరగి గట్టిపడును. ఈ పొడి ముద్రణకు మూలపురుషుడు చెస్టర్ కార్ల్‌సన్. ఆయన 1938వ సంవత్సరము అక్టోబరు 22వ తేదీన న్యూయార్కు నగరములోని ఆస్టోరియాయందు తొలి ప్రతిని తీసెను. నేటి జిరాక్సు యంత్రమును, లేజరు ప్రింటరును ఆ విధానమునుండి పుట్టినవే.

ఈ భేదము విద్యార్థి సంచికి సంబంధించినది. సిరా తడిగలది గావున, వారములకొలది వాడనిచో రంధ్రములలో నెండి అడ్డుపడును. దానిని శుభ్రపఱచుటకు యంత్రము మరల సిరానే వెచ్చించును. అనగా, అరుదుగా వాడువాడు అచ్చొత్తకయే సిరా కోల్పోవును. టోనరు పొడి యగుటచే ఎండిపోవునను భయము లేదు. సెలవులకు ఇంటికి వచ్చి రెండు నెలలు గడపి పోయినను, లేజరు ప్రింటరు మొదటి పుటనే చక్కగా నచ్చొత్తును.

ఇక వెల సంగతి. చవుక ఇంక్‌జెట్ యంత్రమును తయారుచేయు కంపెనీలు యంత్రముమీద లాభము నంతగా నాశింపవు. సిరా కార్ట్రిడ్జులమీద నాశించును. పెట్టెతో వచ్చు తొలి కార్ట్రిడ్జియందు తఱచుగా సిరా తక్కువగా నుండును. కొన్ని యంత్రములు నెలచందా పద్ధతిపై సిరా నిచ్చును. చందా మానినచో కార్ట్రిడ్జియందు సిరా మిగిలియున్నను యంత్రము దానిని స్వీకరింపదు. కావున చూడవలసినది యంత్రపు వెల గాదు, పుట వెల. కార్ట్రిడ్జి వెలను, అది యిచ్చు పుటల సంఖ్యచే భాగించినచో పుట వెల తేలును. పుటల సంఖ్యను కొలుచుటకు అంతర్జాతీయ ప్రమాణములు కలవు. పెట్టెపై వ్రాయబడు సంఖ్య సామాన్యముగా వానిననుసరించినదే.

ఒక యుదాహరణము చూతము. ఈ ధరలు లెక్క నేర్చుటకై మేము కల్పించినవి. ఎవరి ఊరి ధరలు వారు వేసికొనవలెను. ఇంక్‌జెట్ వెల 60 డాలర్లు, తొలి కార్ట్రిడ్జి 100 పుటలకు వచ్చును, తరువాతి ప్రతి 100 పుటలకు 20 డాలర్ల కార్ట్రిడ్జి యనుకొందము. నలుపు లేజరు వెల 120 డాలర్లు, తొలి టోనరు 700 పుటలకు వచ్చును, తరువాతి ప్రతి 1,000 పుటలకు 45 డాలర్ల టోనరు. గ్రంథాలయమున పుటకు 10 సెంట్లు.

రెండేండ్లలో 300 పుటలు మాత్రమే కావలసినవానికి గ్రంథాలయమున 30 డాలర్లు, ఇంక్‌జెట్‌తో 100, లేజరుతో 120 అగును. 1,200 పుటలు కావలసినవానికి గ్రంథాలయమున 120, లేజరుతో 165, ఇంక్‌జెట్‌తో 280. 3,600 పుటలు కావలసినవానికి లేజరుతో 255, గ్రంథాలయమున 360, ఇంక్‌జెట్‌తో 760 డాలర్లు. సొంత యంత్రమునకు కాగితము వేఱుగా కొనవలెను. చదువరులు గమనింపుడు: అంగడిలో నన్నిటికంటె చవుకగా కనబడిన యంత్రము ఈ మూడు లెక్కలలో నొకదానియందైనను చవుక కాలేదు. ముప్పావలా కోడికి మూడు రూపాయల దిష్టి యని మన పెద్దలు చెప్పినది యిట్టివానిని గూర్చియే.

కొనుటకు ముందు మఱియొక విషయము విచారింపవలెను. విశ్వవిద్యాలయపు వసతిగృహములలోని వైఫై, పేరును రహస్యపదమును ఇచ్చి ప్రవేశింపవలసినది. చవుక ప్రింటర్లలో పెక్కింటికి అట్టి వైఫైతో కలియు శక్తి లేదు. అట్టిచోట యుఎస్‌బి తీగతో కలుపుకొనవలెను. ఆ తీగ తఱచుగా పెట్టెలో రాదు. తీగ పెట్టుకొను చోటు యంత్రమున కలదో లేదో చూచియే కొనుట మేలు.

చదువు ముగిసి స్వదేశమునకు వచ్చునపుడు యంత్రమును వెంట తెచ్చుకొందమని కొందఱు తలంతురు. ఇందు మూడు చిక్కులు కలవు. మొదటిది విద్యుత్తు. అమెరికాయందు 120 వోల్టులు, మనకు 230 వోల్టులు. ఇంక్‌జెట్ యంత్రములు అనేకము 100 నుండి 240 వోల్టులవఱకు పనిచేయును. లేజరు యంత్రమున వేడి రోలరు ఉండుటచే, అది సాధారణముగా ఒక్క దేశపు వోల్టేజికే చేయబడును. ఇచట నేరుగా తగిలించినచో చెడిపోవును. యంత్రము వెనుక నంటించిన చీటిని చదివినచో నిజము తెలియును. రెండవది కాగితము. అచట లెటరు కాగితము 216 మిల్లీమీటర్ల వెడల్పు, 279 పొడవు. మన ఏ4 కాగితము 210 వెడల్పు, 297 పొడవు. ఇది చిన్న చిక్కే. యంత్రమున కాగితపు కొలత మార్చుకొనవచ్చును. ఇంటినుండి పంపిన ఏ4 పత్రమును అచట నచ్చొత్తునపుడు మాత్రము, కొలత సరిచేయనిచో అడుగు పంక్తులు తెగిపోవచ్చును.

మూడవది ముఖ్యము. కొన్ని కంపెనీలు తమ కార్ట్రిడ్జులను ఖండములవారీగా విభజించి, ఒక ప్రాంతపు యంత్రము మఱియొక ప్రాంతపు కార్ట్రిడ్జిని స్వీకరింపకుండ చిప్పు పెట్టుదురు. 2017వ సంవత్సరమున అమెరికా సుప్రీముకోర్టు, లెక్స్‌మార్కు కంపెనీ వ్యాజ్యమున, ఒకసారి అమ్మిన కార్ట్రిడ్జిపై, అది పరదేశమున నమ్మినదైనను, కంపెనీకి పేటెంటు హక్కు మిగులదని తీర్పు చెప్పెను. అయినను ఆ తీర్పు హక్కును గూర్చినదే. యంత్రములోని చిప్పును అది మార్పజాలదు. కావున అచట కొన్న యంత్రమునకు ఇచట సిరా దొరకకపోవచ్చును.

సీసానుండి సిరా పోసికొను ట్యాంకు ప్రింటర్లు కూడ కలవు. ఎప్సన్ కంపెనీ వీనిని మొదట 2010లో ఇండొనీషియాయందు అమ్మకమునకు పెట్టెను. వీని వెల హెచ్చు, పుట వెల మిక్కిలి తక్కువ. ఇవి స్థిరనివాసులకు తగినవి. రెండేండ్లలో గదులు మారు విద్యార్థికి సిరా నిండిన ట్యాంకును మోయుట కష్టము.

మా సలహా యిది. మొదటి నెల ఏమియు కొనక, విశ్వవిద్యాలయమునందును ఊరి గ్రంథాలయమునందును అచ్చొత్తుకొని, ఎన్ని పుటలైనవో వ్రాసికొనుడు. బహిరంగ కంప్యూటరుపై పని ముగిసినవెంటనే మీ పత్రమును తొలగించి, ఖాతానుండి బయటకు రండు. నెలకు నూఱు పుటలు దాటినచో, చదువు ముగించుకొని పోవు సీనియరునొద్ద నలుపు లేజరు ప్రింటరును సగము వెలకు కొనుడు. మీరు వచ్చునపుడు దానిని క్రొత్తగా వచ్చిన విద్యార్థికి అమ్ముడు. లేదా ఊరకయే యిండు. ఆ సహాయము వానికి మొదటి నెలలో ఎంతయో యుపకరించును.

తల్లిదండ్రులకు ఒక్క మాట. పిల్లవాడు పరదేశమునుండి ఏదేని కొనెదనన్నపుడు వెల యెంతయని మాత్రమే అడుగక, రెండేండ్లకు దానికగు వ్యయమెంతయని యడుగుడు. ఆ ప్రశ్న అలవాటైన బాలుడు ప్రింటరు విషయముననే గాక, పెద్ద కొనుగోళ్లయందును మోసపోడు.