ఓడిపోయిన రాత్రి రివేరా

బేస్‌బాల్‌లో బంతి విసిరేవాణ్ణి పిచ్చర్ అంటారు. మొదటి పిచ్చర్ అలసిపోతే అతని స్థానంలో వచ్చేవాడు రిలీఫ్ పిచ్చర్. వాళ్లలోనూ ఆఖరున దిగి, జట్టు ఆధిక్యాన్ని కాపాడి ఆట ముగించేవాడు క్లోజర్. మన క్రికెట్‌లో చివరి ఓవర్ వేసే బౌలర్ లాంటివాడన్నమాట. అలా కాపాడిన ప్రతిసారీ అతని ఖాతాలో ఒక ‘సేవ్’ రాస్తారు. 1995 నుంచి 2013 వరకు న్యూయార్క్ యాంకీస్‌కు ఆడిన మరియానో రివేరా ఖాతాలో అవి 652. అంతకన్నా ఎక్కువ ఎవరికీ లేవు.

రివేరాది పనామా దేశంలోని ప్యూర్టో కైమీటో అనే జాలరుల ఊరు. తండ్రి చేపల పడవ నడిపేవాడు. చిన్నప్పుడు గ్లవ్ కొనే స్తోమత లేక పాల అట్టపెట్టెతో గ్లవ్ చేసుకుని ఆడాడు. 1997లో సహచరుడితో బంతి విసురుకుంటుంటే అది ఆఖరి క్షణంలో పక్కకు తిరగసాగింది. మాన్పించాలని చూసినా మానలేదు. ఎవరూ నేర్పని ఆ బంతే అతని ఆయుధమైంది. అది దేవుడిచ్చిన వరమని చెప్పుకునేవాడు. గ్లవ్ మీద ఫిలిప్పీ 4:13 అని రాసుకునేవాడు.

మనవాళ్లకూ ఆ వచనమంటే ఇష్టమే. పరీక్షలకు ముందు, ఇంటర్వ్యూలకు ముందు తెగ వల్లిస్తాం. కానీ పౌలు దాన్ని బంధకాల్లో ఉండి రాశాడు. దానికి ముందు వచనంలో, లేమిలో ఎలా ఉండాలో కూడా తాను నేర్చుకున్నానన్నాడు. ఆ మాట మన నోట అంతగా రాదు.

రివేరాకు ఆ పాఠం 2001 నవంబర్ 4న ఎదురైంది. అరిజోనాలో వరల్డ్ సిరీస్ ఏడో ఆట. యాంకీస్ 2-1 ఆధిక్యంలో ఉంది. గెలిస్తే వరుసగా నాలుగో టైటిల్. అప్పటికి పోస్ట్ సీజన్‌లో వరుసగా 23 సార్లు ఆధిక్యం కాపాడిన రివేరా చేతిలో బంతి ఉంది. ఆటకు ముందు, అంతా దేవుని చేతిలో ఉందని జట్టుతో చెప్పింది కూడా అతనే. చివరి ఇన్నింగ్స్‌లో ఒక బంతిని అందుకుని తానే గురితప్పి విసిరాడు. కాసేపటికి స్కోరు సమమైంది. చివరికి లూయిస్ గొంజాలెజ్ బ్యాట్ విరిగింది, బంతి మెల్లగా ఎగిరి ఖాళీలో పడింది. 3-2తో యాంకీస్ ఓడింది.

ఓడారు గనుక న్యూయార్క్‌లో విజయోత్సవ ఊరేగింపు జరగలేదు. దాంతో జట్టు ఆటగాడు ఎన్రికే విల్సన్ అనుకున్నదానికన్నా ముందే తన దేశం డొమినికన్ రిపబ్లిక్‌కు వెళ్లిపోయాడు. ఊరేగింపు జరిగి ఉంటే నవంబర్ 12న ఫ్లైట్ 587 ఎక్కేవాడు. ఆ విమానం న్యూయార్క్‌లోనే కూలింది. ఓడినందుకు సంతోషమే, నా స్నేహితుడు బతికున్నాడు అన్న భావంతో మాట్లాడాడు రివేరా.

ఇక్కడే మనం ఆగాలి. ఈ సాక్ష్యాన్ని వేదికమీద చెప్పి చప్పట్లు కొట్టించడం తేలిక. కానీ విమానంలో 260 మంది, నేలమీద 5 మంది చనిపోయారు. వాళ్ల ఇళ్లలోనూ ప్రార్థనలు చేసేవాళ్లుండి ఉంటారు. సిలోయము గోపురం కూలి చనిపోయిన 18 మంది సంగతి లూకా 13లో ఉంది. వాళ్లు మిగతావారికన్నా పాపులు కారని ప్రభువు చెప్పాడు. గోపురం ఎందుకు కూలిందో మాత్రం చెప్పలేదు. స్నేహితుడు మిగిలినందుకు రివేరా కృతజ్ఞత చెప్పడం సబబే. విల్సన్ కోసమే దేవుడు ఆ బంతిని ఖాళీలో పడేశాడని లెక్కలు కట్టడం మన పని కాదు.

రివేరా మరో పన్నెండేళ్లు ఆడాడు. 2009లో ఐదో టైటిల్ గెలిచాడు. 2019లో హాల్ ఆఫ్ ఫేమ్ ఎన్నికలో 425 మంది ఓటేస్తే 425 ఓట్లూ అతనికి పడ్డాయి. అంతకుముందు ఎవరికీ అలా పడలేదు.