ఇంటర్నెట్టులో వేగము, ఆలస్యము

ఆబిడ్సులోని ఒక ఇంటి నుండి నాంపల్లిలోని వైద్యునితో వీడియోలో మాటలాడుచున్నామనుకొందము. అదే సమయమున ఆ ఇంటివారే పెద్ద దస్త్రములను పంపుచున్నచో, రోగి చెప్పు మాట తడవుగా చేరును. లైను వేగముగలదే, మరి ఆలస్యమెందుకు?

నాంపల్లి స్టేషనులో ఒకే టికెట్టు కిటికీ తెరచియున్నచో, హాలునెంత పెంచినను టికెట్ల అమ్మకము పెరుగదు. వరుస మాత్రమే పెరుగును. రూటరులోని బఫరు అట్టి హాలే. ఒక్కుమ్మడిగా వచ్చిన ప్యాకెట్లను నిలుపుటకు అది కొంత అవసరము. మితిమీరినచో నిరీక్షణయే మిగులును.

ఈ వరుసను ఆఫ్‌లోడింగు మరికొంత పెంచగలదు. ప్రాసెసరు శ్రమ తగ్గుటకై డేటాను 64 కిలోబైట్ల వరకు ఒకే కట్టగా నెట్‌వర్కు కార్డున కప్పగింతురు; కార్డు దానిని ప్యాకెట్లుగా విడదీసి వెంటవెంటనే పంపును. ఆబిడ్సు పెద్ద తపాలా కార్యాలయమున ఉత్తరములను సంచిగట్టినట్లు ఇది సుకరమే. కాని సెకనుకు 1 మెగాబిట్టు సాగు లైనుపై అట్టి కట్ట దాటుటకు అర సెకను పట్టును. వెనుకనున్న మాట అంతవరకు ఆగవలసినదే.

2012లో కాథ్లీన్ నికోల్స్, వాన్ జాకబ్సన్ ప్రకటించిన కోడెల్ పద్ధతి వరుస పొడవును గాక, ప్యాకెట్టు వేచియున్న కాలమును కొలుచును. నిరీక్షణ తగ్గనిచో కొన్నిటిని విడిచివేయును; అది గ్రహించి పంపువారు వేగము తగ్గింతురు. మనమును వేగముతోపాటు, లైను నిండియున్నపుడు కలుగు ఆలస్యమును గూడ కొలుచుట మేలు.