చూపు బాగున్నా కంటి పరీక్ష ఎందుకు?

మొవ్వలో ఉండే తాతయ్యకు షుగర్ ఉందనుకోండి. కళ్లద్దాలు లేకుండానే పేపరు చదివేస్తారు. అయినా డాక్టరు ఏడాదికోసారి కళ్లు చూపించుకోమంటారు. ఎందుకు?

కంటి వెనుక రెటీనా అనే పలుచని పొర ఉంటుంది. మనం చూసే బొమ్మ పడేది దాని మీదే. దానికి రక్తం అందించే నాళాలు చాలా సన్నవి. రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే వాటి గోడలు దెబ్బతిని, గట్టు బలహీనపడ్డ పంటకాలువలా ఊరతాయి. కొన్ని మూసుకుపోతాయి. బదులుగా పుట్టే కొత్త నాళాలు తేలిగ్గా చిట్లిపోతాయి. మొదట్లో నొప్పి ఉండదు, మసకా ఉండదు.

ముప్పు ఎవరికి ఎక్కువ?

షుగర్ వచ్చి చాలా ఏళ్లయినవారికి, అది అదుపులో లేనివారికి. బీపీ, కొలెస్ట్రాల్, కిడ్నీ జబ్బు, పొగతాగే అలవాటు తోడైతే మరీ ఎక్కువ. షుగర్ ఉన్న స్త్రీలు గర్భంతో ఉన్నప్పుడూ జాగ్రత్తపడాలి.

ఎలా కనిపెడతారు?

కంట్లో చుక్కల మందు వేస్తారు. కాసేపటికి కంటిపాప పెద్దదై లోపలి రెటీనా కనిపిస్తుంది. జబ్బు ఉంటే లేజర్‌తోనో, ఇంజెక్షన్లతోనో చూపు కాపాడవచ్చు. విజయవాడ పక్కన తాడిగడపలోని ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రిలాంటి చోట్ల ఈ వైద్యం దొరుకుతుంది.

చుక్కలు వేశాక కొన్ని గంటలు మసకగా ఉంటుంది, బండి నడపకూడదు. అందుకే ఈసారి తాతయ్యకు తోడుగా మీరు వెళ్లండి.